సున్నపు గానుగ చుట్టూ

మా మనవడు పెంచలకృష్ణ ఆ పిల్లను మొదటిసారి చూసినప్పుడు ఆమె చేతిలో మైకు, చంకలో కోడి ఉన్నాయి. కోడి ఆమెది కాదు.

తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు వస్తే మా ఊళ్లో ఉప్పు కచేరీ అని దొరల నాటి బంగళా ఒకటి ఉంది. ఉప్పు మీద పన్ను అక్కడే కట్టేవాళ్లట. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ అందులో గబ్బిలాలే ఉద్యోగం చేశాయి. ఈమధ్య దాన్ని మ్యూజియం చేశారు. మా పాత పడవ తెడ్లు, ఉప్పు కొలిచే కుంచాలు అన్నీ పోయి అద్దాల పెట్టెల్లో కూర్చున్నాయి. వాటిని చూసుకోవడానికి సంగం నుంచి సాయిలక్ష్మి అనే పిల్ల వచ్చింది. చదువుకున్న పిల్ల, చలాకీ పిల్ల.

ఆ బంగళా గోడలు పొలుసులుగా రాలిపోతున్నాయి. సిమెంటు పూస్తే లోపలి పాత ఇటుక పాడైపోతుందట. అందుకని పూర్వంలాగే సున్నాన్ని ఎద్దు గానుగలో నూరి, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపి, పై పూతకు గుడ్డు తెల్లసొన వేసి పూద్దామనుకున్నారు. వానలు పట్టకముందే అయిపోవాలి. ఊరంతా తలా ఒక చెయ్యి వెయ్యాలని సాయిలక్ష్మి ఒక ఆదివారం పండగలాగా పెట్టింది. ఇంటికొక గుడ్డు, ఒక బెల్లం ముక్క తెమ్మని దండోరా.

మావాళ్లు తెచ్చారు. సగం మంది ఉడకబెట్టి తెచ్చారు, దారిలో పగలకుండా ఉంటాయని. ప్రమీలమ్మ ఏకంగా కోడినే తెచ్చింది.

"ఇది రేపు పెడతాదమ్మా. అందాకా నీ ఆఫీసులో కట్టేసుకో."

"ఆఫీసులో కోడిని పెట్టకూడదండీ."

"ఎప్పుడో పోయినోళ్ల తెడ్లకు చోటుంది గానీ, బతికుండే కోడికి లేదా తల్లీ?"

అంటూ చంకలో పెట్టేసి పోయింది. సరిగ్గా అప్పుడే మావాడు మా మైలోణ్ణి తోలుకొచ్చాడు. మైలోడంటే మా ఎద్దు. ఈ చుట్టుపక్కల అంతా ట్రాక్టర్లే. ఎద్దు మిగిలింది మా ఇంట్లోనే, అదీ నేను అమ్మనివ్వక. దాన్ని అప్పజెప్పి తన రొయ్యల గుంటకు పోదామని మావాడి ఆలోచన. ఈలోపల మైలోడు బల్ల మీది బెల్లం గంపలో మూతి పెట్టాడు.

ఆ పిల్ల మైకులోనే అడిగింది. "హలో, ఈ ఎద్దు ఎవరిదండీ? మ్యూజియం బెల్లం తినేస్తా ఉంది."

"సున్నంలో పడే బెల్లమే కదా మేడం. ఆ సున్నం తిప్పేవోడే తింటుండాడు," అన్నాడు మావాడు.

"అది గోడకిచ్చిన బెల్లం."

"గోడ నమలడం ఎప్పుడన్నా చూసినారా?"

జనం నవ్వారు. ఆ పిల్ల ముఖం కందిపోయింది. చంకలోంచి కోడి కూడా మావాణ్ణి అదోలా చూసింది.

సరే, మైలోణ్ణి గానుగకు కట్టారు. మేస్త్రీ చోటే సాహెబ్ "హై" అన్నాడు. కడుపునిండా బెల్లం తిన్నవాడు ఎందుకు కదులుతాడు? పిల్లలు ఈల వేశారు. సాయిలక్ష్మి దగ్గరికి పోయి, "ప్లీజ్ మైలోడు గారూ," అని కూడా అనింది. ఉలుకూ పలుకూ లేదు. చివరికి మావాడు పగ్గం పట్టుకుని ముందు నడిస్తే, వెనకాల కదిలాడు.

"అంటే, మీరుంటేనే నడుస్తాడా?" అని ఆ పిల్ల దిగులుగా అడిగింది.

మావాడు ఆ దిగులు ముఖం ఒక్క క్షణం ఎక్కువ చూశాడు. చూసి, "అంతే మేడం. నేను ముందర లేకపోతే అడుగెయ్యడు," అన్నాడు.

నేను అక్కడే ఉన్నాను. మైలోడు ఎలాంటి ఎద్దని? కళ్లంలో ఒకసారి అదిలించి వదిలేసి మేమంతా అన్నాలకు పోతే, వచ్చేదాకా వాడి పాటికి వాడు తిరుగుతూ ఉండేవాడు. ఆ మాట చెబుదామని నోరు తెరిచాను. మావాడు నా వైపు చూసిన చూపుకు మళ్లీ మూసుకున్నాను.

ఆ మర్నాటి నుంచి చూడాలి. వీధి చివరి కొట్టుకు కూడా బండి మీద పోయేవాడు, పొద్దున్నే తలదువ్వుకుని ఎద్దు ముందు నడవడానికి పోతున్నాడు.

గానుగ కచేరీ వరండా ముందే ఉంది. ఆ పిల్ల వరండాలో కూర్చుని పాత సామానుకు చీటీలు రాస్తుంటుంది. మావాడు అక్కడికి రాగానే ఒక మాట అంటాడు. ఆమె తలెత్తేలోపల ఎద్దుతో పాటు ముందుకు పోవాల్సిందే. జవాబు కావాలంటే చుట్టంతా తిరిగి రావాలి.

"మీది సంగంలో యాడ?"

ఒక చుట్టు.

"బ్యారేజీ దగ్గర. ఎందుకు?"

ఒక చుట్టు.

"ఊరికేనే. మీ నాయన ఏం చేస్తాడు?"

ఒక చుట్టు.

"వరి సేద్యం. ఇంట్లో కొడవళ్లు చానా ఉండాయి."

ఆ చుట్టు మావాడు కొంచెం నిదానంగా తిరిగాడు.

అన్నం క్యారియర్ తీసుకుని నేను రోజూ పోయేదాన్ని కాబట్టి ఇదంతా నా కళ్లతో చూసిందే. ఒకరోజు వాడు ధైర్యం చేసి, "ఇంట్లో సంబంధాలు చూస్తుండారా?" అని అడిగి ముందుకు పోయాడు. తిరిగి వచ్చేసరికి ఆ పిల్ల, "ఖాయమైపోయింది, వచ్చే నెల పదో తేదీ," అంటోంది.

మావాడు ఇంక నోరు విప్పలేదు. తల వంచుకుని తిరిగాడు, తిరిగాడు. మైలోడే వాడికంటే హుషారుగా ఉన్నాడు.

"ఏం కృష్ణ గారూ, మాటలు అయిపోయినాయా?" అని ఆమే అడిగింది చివరికి.

"పదో తారీకు పెళ్లి పెట్టుకున్నోళ్లతో నాకేం మాటలుంటాయి."

ఈసారి ఆమె ఒక చుట్టు ఆగింది, నవ్వుకోవడానికి.

"పదో తేదీ గోడల ప్రారంభోత్సవం. ఫోన్‌లో మా ఆఫీసర్‌తో చెప్తుంటే మీరు మధ్యలో వచ్చినారు."

వాడి ముఖం వెలిగింది. మరుచుట్టుకే ఆరిపోయింది, ఎందుకంటే ఆమె మిగతాది చెప్పింది. "ఈ పని అయిపోతే నన్ను ఇంకో ఊరి మ్యూజియంకు వేస్తారు."

ఇంక చూసుకోండి వాడి అవస్థ. గానుగ తిరిగితే పని అయిపోతుంది, పని అయిపోతే పిల్ల పోతుంది. తిరక్కపోతే వానలొచ్చి గోడలు కూలుతాయి, ఆ పిల్లకు మాటొస్తుంది. ఎటూ తేల్చుకోలేక, నూరిన సున్నాన్నే మళ్లీ నూరుతూ కూర్చున్నాడు.

చోటే సాహెబ్ వచ్చి వేళ్ల మధ్య నలిపి చూశాడు. "వెన్నయిపోయింది అబ్బయ్యా. ఇంకా నూరితే రొట్టెకు పూసుకోవాల."

"ఇంకొంచెం మెత్తగా ఉంటే మంచిది సాయిబూ."

"ఎవురికి మంచిది?"

వాడు మైలోణ్ణి ఇంకో చుట్టుకు అదిలించాడు. నేను క్యారియర్ విప్పుతూ, "ఒరే, అవతల రొయ్యలు నీ మొహం మర్చిపోతాయి," అన్నాను.

"నువ్వూరుకో జేజీ," అన్నాడు.

ఆ మధ్యాహ్నమే తూర్పున మబ్బు పట్టింది. సముద్రం మీద నుంచి గాలి తిరిగింది. ఆఖరి పూత ఆ పూటే పడాలి. సాయిలక్ష్మి లేచి వరండా మెట్టు మీద నిలబడి మబ్బు వైపు చూస్తోంది. నూరడం ఆపి సున్నం ఇమ్మని మావాణ్ణి గట్టిగా అడగలేక, ఊరుకోలేక చీర చెంగు నలుపుతోంది. వాడు అది చూశాడు. పగ్గం వదిలేసి ఆగిపోయాడు.

"సాయిబూ, ఎత్తుకోండి సున్నం," అని కేకేసి ఆమె వైపు తిరిగాడు. "మీకొక మాట చెప్పాల మేడం. ఈ ఎద్దు నేను లేకపోయినా నడుస్తాది. అబద్ధం చెప్పినాను."

మైలోడు వాణ్ణి పట్టించుకోకుండా వాడి పక్కనుంచే సాగిపోయాడు. ఒక చుట్టు పూర్తి చేసి మళ్లీ వచ్చాడు. వీళ్లిద్దరూ ఉన్నచోటే ఉన్నారు.

"తెలుసు," అనింది ఆ పిల్ల.

"ఎప్పటి నుంచి?"

"మొదటి వారం నుంచి. మీరు టీకి పోయినప్పుడల్లా వాడు తిరగతానే ఉండినాడు."

"మరి చెప్పలేదే?"

"చెప్తే ఎద్దును ఈడ పెట్టి మీరు రొయ్యల దగ్గరికి పోతారు కదా."

మొదటి చినుకులు పడ్డాయి. చోటే సాహెబ్ తాపీ ఎత్తి, "ఆ కబుర్లు లోపలికొచ్చి చెప్పుకోండబ్బా, చేతిలో తట్టలతో," అన్నాడు. ఇద్దరూ తట్టలు మోశారు. వాన ముదిరేసరికి వరండా కప్పు కింద గోడలన్నీ తెల్లగా, కోడిగుడ్డు పెంకులాగా తేలాయి.

పదో తేదీన ఆఫీసరు వచ్చాడు. ఆ పిల్ల నాన్న పద్మనాభయ్య కూడా సంగం నుంచి వచ్చాడు, కొడవలి లేకుండానే. ఆఫీసరు గోడ తడిమి చూసి సంబరపడి, వెనకున్న ఉప్పు కొఠారు కూడా ఇలాగే చేస్తే బాగుంటుందన్నాడు.

"నువ్వే ఉండి చేయిస్తావామ్మా? ఎద్దు దొరుకుతుందా?"

"దొరుకుతుంది సార్," అనింది సాయిలక్ష్మి కళ్లు దించుకుని. "కాకపోతే, ఆయన ముందు నడవకపోతే అది అడుగెయ్యదు. ఆయన రోజూ రావాల్సి ఉంటుంది."

ఆఫీసరు తలూపాడు. పద్మనాభయ్య తలూపలేదు. పుట్టినప్పటి నుంచి ఎద్దులతో బతికిన మనిషి. కూతుర్ని చూశాడు, మావాణ్ణి చూశాడు, చెట్టు కింద నెమరేస్తున్న మైలోణ్ణి చూశాడు. మెల్లగా వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చున్నాడు.

"పెద్దమ్మా, మీవోడు చెప్పిన అబద్ధం మా పాప కూడా నేర్చుకునింది."

"అవును నాయనా."

"ఇంక వేరువేరుగా పెట్టి లాభంల్యా. మంచిరోజు ఎప్పుడుందో చూడండి."