పీపా మీద గీకేసిన పేరు

లేబుల్ మళ్ళీ తిరిగొచ్చింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. మండదూ మరి? పొద్దున్నుంచి మంచు వాన. మా ఊరు క్యారీలో స్కూళ్ళు మూసేశారు. అందరూ ఇళ్ళల్లో దుప్పట్లు కప్పుకుని పకోడీలు వేయించుకుంటుంటే నేను మాత్రం ఊరి బయట మా బావ గోడౌన్‌లో, ముందుగదిలో హీటర్ పక్కన కూర్చుని లేబుళ్ళు ఆమోదించే ఆఫీసు నుంచి వచ్చిన మెయిల్‌నే పదే పదే చదువుతున్నాను. ఏ వైన్ పీపాల్లో ఉంచారో స్పష్టంగా రాయమన్నారు. అడిగింది అంతే. ఆ ముక్క చెప్పాల్సిన మనిషి మాత్రం నోరు విప్పడు.

ఆ మనిషి మా అక్క నమ్రత భర్త, వేణుమాధవ్ బావ. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి విస్కీ వ్యాపారంలోకి దిగాడు. కెంటకీలో తయారైన బర్బన్ అనే విస్కీ కొనడం, కొన్ని నెలలు పాత వైన్ పీపాల్లో ఉంచడం, ఆ వాసన పట్టాక సీసాల్లో పోసి అమ్మడం. చాలామంది చేసే పనే, తప్పేమీ లేదు. కాకపోతే బర్బన్ అనేది లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే ఊరాలి. ఆ తర్వాత ఇంకో పీపా తగిలిందంటే ఉత్త ‘బర్బన్’ అని రాసుకోవడానికి వీల్లేదు. దేంట్లో ఉంచి ముగించారో ఆ వాక్యమంతా లేబుల్ మీద కనపడాలి. ఆ లేబుళ్ళు రాసి, పంపి, పాస్ చేయించే పని నాది.

బావకేమో ‘బర్బన్’ అన్న మాట అరచెయ్యంత ఉండాలి, మిగతాది చీమ తలకాయంత ఉండాలి.

"అంత కథ రాస్తే ఎవడు కొంటడు గీతా? ఉత్త రెడ్ వైన్ అని కొట్టెయ్" అన్నాడు ఆ రోజు కూడా.

"ఎవరి వైన్ బావా? పీపాలు ఎక్కడ కొన్నావో అదైనా చెప్పు."

"మూతబడ్డ ద్రాక్షతోట. ఇప్పుడు లేదు. వదిలెయ్."

అని నీళ్ళ క్యాన్ ఎత్తి గటగటా తాగాడు. అది ఇంకో బెంగ. పీపాలు నింపిన రోజు నుంచీ బావకి తీరని దాహం. ఎన్ని తాగినా పెదాలు పగిలే ఉంటాయి. బుగ్గలు లోపలికి పోయాయి, ఉంగరం వేలికి నిలవడం లేదు. షుగర్ టెస్టులు, కిడ్నీ టెస్టులు అన్నీ బాగానే ఉన్నాయన్నారు. "కళ్ళముందే మనిషి ఎండిపోతున్నాడే గీతా" అని అక్క ఫోన్‌లో ఏడుస్తుంది. లేబుల్ పోతే ఇంకోటి రాయొచ్చు. బావ పోతే అక్క ఏమైపోతుందోనని నాకు భయం.

అయినా ఆ పూట భయం కంటే విసుగే ఎక్కువగా ఉంది. వైన్ పీపా మూత మీద తోట పేరు కాల్చి ముద్ర వేస్తారు. ఆయన చెప్పకపోతే నేనే చదువుకుంటానని టార్చీ, కర్ర సుత్తీ తీసుకుని గోడౌన్ తలుపు తోశాను. సరిగ్గా అప్పుడే కరెంట్ పోయింది.

"కరెంట్ రానీ గీతా… ఇప్పుడొద్దు" అంటూ బావ వెనకాలే వచ్చాడు.

గోడౌన్‌కి కిటికీలు లేవు. బయట పట్టపగలే అయినా లోపల చిమ్మచీకటి. పైన రేకుల మీద మంచు ముక్కలు రాలుతున్న చప్పుడు. అలవాటైన వాసనే వచ్చింది: తడిసిన చెక్క, వెనిల్లా, కాస్త ఘాటు. వరసల మధ్య నడుస్తూ ఒక్కో పీపా మూత మీదా టార్చీ వేశాను. అన్నిటి మీదా ఏవో పెద్ద తోటల పేర్లే; ఆ మూతబడ్డ తోటవాళ్ళు పాతవి కొనుక్కుని వాడుకున్నట్టున్నారు. చిట్టచివర గోడవారగా ఉన్న పీపా మీద మాత్రం ముద్ర లేదు. ఎవరో చిత్రిక పట్టి గీకేశారు. కొత్త చెక్క తెల్లగా కనిపిస్తోంది.

అక్కడ వాసన మారింది. కుళ్ళిన ద్రాక్ష వాసన.

పీపాలో సరుకు ఎంతుందో తెలియాలంటే సుత్తితో కింద నుంచి పైకి తట్టుకుంటూ పోతాం. సరుకున్నంత మేరా మోత మొద్దుగా ఉంటుంది, ఖాళీ దగ్గర డొల్లగా మోగుతుంది. పీపాలో సరుకు కొంత ఆవిరైపోతుంది కాబట్టి నెలనెలా డొల్ల పెరగాలి. ఈ పీపాని కింద తట్టాను. మొద్దు. మధ్యలో తట్టాను. మొద్దు. పైన బిరడా పక్కన తట్టాను. అక్కడా మొద్దే.

పోయిన నెల నేనే పై బిరడా తీసి ఇందులోంచి శాంపిల్ తీశాను, మూత వైపు చూడలేదు గానీ. అప్పుడు బాగా తగ్గి ఉంది.

నాకు తిక్క రేగింది. "నీళ్ళు కలిపావా బావా? సిగ్గుందా నీకు? నా పేరు మీద పంపిస్తున్నాను ఆ లేబుళ్ళు."

"మీ అక్క మీద ఒట్టు. నేను ముట్టలే."

"మరి దానంతటదే నిండిందా?" అని కోపంగా సుత్తితో ఒక్కటి వేశాను.

లోపల నుంచి ఎవరో తిరిగి తట్టారు.

చెక్క బిగుసుకుని ఉంటుంది, చలికి అలా అంటుంది అనుకున్నాను. మళ్ళీ తట్టాను, రెండుసార్లు, మెల్లగా.

లోపల కూడా… రెండుసార్లు. మెల్లగా.

టార్చీ దగ్గరగా పెట్టాను. చెక్కల అతుకు మధ్య ఒక చుక్క పుట్టింది. జారింది. ఇంకో చుక్క. వేలు పెట్టి చూశాను. ఊపిరి పొగలయ్యే చలిలో ఆ చుక్క వెచ్చగా ఉంది. విస్కీ వాసన లేదు. చెమట వాసన.

వెనకాల దబ్బుమని చప్పుడు. బావ నేల మీద కూలబడి ఉన్నాడు. చుక్క జారినప్పుడల్లా ఆయన గొంతులోంచి సన్నగా… గాలి పోతున్న చప్పుడు. నేను అరచెయ్యి ఆ అతుకు మీద అదిమిపెట్టాను.

"చెప్పు బావా… ఇప్పుడైనా చెప్పు."

"ఈ పీపా అమ్మనన్నది ఆమె" అన్నాడు గుసగుసగా.

"ఎవరు?"

"తోట ఓనర్ పెండ్లాం. ముసలామె. ఆయన కిందగదిల సచ్చిపోయిండు… ద్రాక్ష పులిసే గ్యాస్‌కి. ఈ పీపా మీద చెయ్యేసి ఉండెనంట. ‘అన్నీ తీస్కపో, ఇదొక్కటి ఉండనీ’ అన్నది. ట్రక్కుల జాగ ఉండె… ఆమె లోపలికి వోయినప్పుడు ఎక్కించిన."

"పేరు నువ్వే గీకావా?"

తలూపాడు. "సాక గూడ… నింపిననాడు దీన్లకెళ్ళే పోసిన."

తాగే ముందు నేల మీద నాలుగు చుక్కలు సాక పోయడం బావ వాళ్ళ వైపు ఆచారం. పోసేటప్పుడు పోయినవాళ్ళని పేరు పెట్టి పిలుస్తారు. పిలిచినవాళ్ళు తాగి, దాహం తీరి వెళ్ళిపోతారు.

"ఎవర్ని పిలిచావు?"

"నవ్వులాటకి అన్న… ఈ పీపా ఎవరిదైతే వాళ్ళే తాగుండ్రి అని."

పిచ్చి మనిషి. పేరు గీకేసి, పేరు లేకుండా పిలిచాడు. వచ్చినవాడు మరి దేన్ని తాగుతాడు? పిలిచినవాణ్ణే కదా.

అరచేతి కింద చెక్క ఊపిరి పీల్చినట్టు కదిలింది. ఏడుపొచ్చింది నాకు. "ఆయన పేరేంటి? గీకినవాడివి, చదివే ఉంటావు."

"ఎమ్మెట్ కోల్."

పీపాకి నోరు దగ్గరగా పెట్టి, నాకొచ్చిన ఇంగ్లీష్‌లో చెప్పాను. మీ పేరు రాస్తాను. గీకింది మేమే, మళ్ళీ రాసేదీ మేమే. ప్రతి సీసా మీదా, ముందువైపే, చిన్న అక్షరాల్లో కాదు. ఈయన్ని వదిలెయ్యండి.

తర్వాత లోపల నుంచి ఒక్కసారి… టక్.

చెమ్మ ఆగిపోయింది. నేను సుత్తి తీసుకుని పైన తట్టాను. డొల్లగా మోగింది.

ఆ సాయంత్రమే లేబుల్ రాసి పంపాను: ఎమ్మెట్ కోల్ రెడ్ వైన్ పీపాల్లో ముగించిన బర్బన్ విస్కీ. ఆయన తోట యజమాని అనీ, చనిపోయాడనీ వివరణలో చేర్చాను. ఆమోదం వచ్చేదాకా ఆ పీపా జోలికి పోవద్దని బావకి లక్ష సార్లు చెప్పాను.

వారం తిరిగేసరికి బావకి బుగ్గలొచ్చాయి. అక్క మధ్యాహ్నం ఫోన్ చేసింది. చాలా రోజులకి ఆమె గొంతులో నవ్వు విన్నాను.

"పప్పుచారుతో రెండుసార్లు కలుపుకుని తిన్నాడే. ఒక్క గ్లాసు నీళ్ళే తాగాడు."

"ఇప్పుడేం చేస్తున్నాడు?"

"గోడౌన్‌కెళ్ళాడు. లేబుల్ ఎలాగూ వచ్చేస్తుంది కదా, ఈలోపు ఆ చివరి పీపా సీసాల్లోకి ఎక్కించేస్తానన్నాడు."

ఏం మనుషులో. చెప్పింది ఒక్కటీ వినరు. తిట్టడానికి బావకి ఫోన్ కలుపుతుండగా మెయిల్ వచ్చింది, లేబుళ్ళ ఆఫీసు నుంచి. ఫోన్ స్పీకర్‌లో పెట్టి చదివాను.

‘మీ లేబుల్‌పై ఇద్దరు వ్యక్తుల పేర్లున్నాయి. మొదటి వ్యక్తి మరణించినట్టు తెలిపారు. రెండవ వ్యక్తి, వేణుమాధవ్, జీవించి ఉన్నట్టయితే ఆయన సమ్మతి లేఖ జతచేయగలరు.’

నేను పంపిన ఫైల్ తెరిచాను. ఒక్కటే పేరు. వాళ్ళు తిరిగి పంపింది తెరిచాను. ఎమ్మెట్ కోల్ కింద, అదే సైజు అక్షరాల్లో, బావ పేరు.

ఫోన్ మోగుతోంది. ఎత్తడం లేదు. కట్ చేసి మళ్ళీ చేశాను. "ఎత్తు బావా… ఎత్తు…" మోగుతూనే ఉంది.

ఇంకో మెయిల్ వచ్చింది.

‘పైన అడిగిన సమ్మతి లేఖ ఇక అవసరం లేదు. మీ లేబుల్ ఆమోదించబడింది.’