సందెవేళ తాడు

"ఫిల్మ్ బేగంపేటలో మన మనిషికిచ్చి, సాయంత్రం ఫ్లైట్‌లో ఢిల్లీ వచ్చెయ్. ఇంటికెళ్లడానికి వీల్లేదు!"

1964. కలకత్తా ఎయిర్‌పోర్ట్ ఫోన్‌లో తెల్లారకముందే చీఫ్ చీవాట్లు. ఏజెంట్ లింగమూర్తి జేబులో అగ్గిపెట్టె, పుల్లల కింద మైక్రోఫిల్మ్. సరిహద్దు అవతల పనిచేస్తున్న పద్నాలుగు మంది మనవాళ్ల పేర్లు అందులో ఉన్నాయి. విదేశీ ముఠా కొట్టేసిన ఫిల్మ్‌ని రాత్రే తిరిగి కొట్టేశాడు. మళ్లీ చేజారితే పద్నాలుగు ప్రాణాలు గల్లంతు.

"ఫిల్మ్ ఇస్తాను సార్. ఢిల్లీ మాత్రం రాను. సందెకు ధర్మపురిలో మా బాపు నరసింహస్వామి వేషం కడుతున్నాడు. నడుముకు కట్టిన తాడు పెద్దకొడుకే పట్టాలి."

"ఇది ఆర్డర్!"

"అది బాపు ఆర్డర్ సార్."

ఫోన్ పెట్టేశాడు.

ఎక్కింది డకోటా కాదు, డొక్కుల కోట. పక్క సీట్లో నల్లకళ్లద్దాల సుందరి. నాగపూర్‌లో విమానం మారితే వెనక సీట్లో తెల్లచీర నర్సు. చీర మారింది గానీ సెంటు మారలేదు. మిస్ రీటా! పొద్దున మన ఏజెంట్, మాపటికి వాళ్ల ఏజెంట్.

బేగంపేటలో టై కట్టినవాడొకడు చెయ్యి చాపాడు. కోడ్ చెప్పవయ్యా అంటే గోడు చెప్పాడు: ఎండ, పనిమనిషి, భార్యకు జ్వరం. లింగమూర్తి అగ్గిపెట్టె తియ్యకుండానే టాక్సీ ఎక్కాడు.

ధర్మపురి పందిట్లో అరవై ఎనిమిదేళ్ల రాయమల్లు, సింహం కొయ్యముఖం ఒళ్లో పెట్టుకుని పొద్దు వంక చూస్తున్నాడు. పగలూ రాత్రీ కాని ఆ కాసేపట్లోనే స్తంభం పగలాలి.

"వచ్చినవా కొడుకా? సర్కారు ఇడిసిందా?"

"ఇడవలే బాపు. నేనే ఇడిసొచ్చిన."

"నౌకరి పోతే?" అంది లింగమూర్తి భార్య బాలలక్ష్మి.

"పోనియ్. తాడు పోవద్దు."

ముఖం కట్టాక ఆయన బాపు కాదు, దేవుడే. ఎదురుగా ఎవరూ నిలబడరు. జనం రెండుగా చీలి దారి ఇస్తారు. తాడు వదిలితే ఏమవుతుందో మూడు తరాలుగా ఎవరూ చూడలేదు.

స్తంభం ఫెళ్లుమంది. నరసింహుడు గర్జించాడు. తాడు ఇనుపకడ్డీలా బిగుసుకుంది. సరిగ్గా ఆ ఖాళీ దారి మధ్యలో, లిప్‌స్టిక్ పిస్టల్ పట్టుకుని రీటా!

"అగ్గిపెట్టె విసురు. లేకపోతే ముసలాయన గుండెలో బుల్లెట్. ఒకటి..."

"ఓ బిడ్డా, ముందట నిలవడకు! పక్కకు జరుగు!" జనంలోంచి సత్తవ్వ అనే ముసలమ్మ మొత్తుకుంది.

"రెండు..."

లింగమూర్తి తాడు పట్టిన రెండు చేతులూ వదిలేశాడు.

నరసింహుడిది ఒక్కటే దూకు! బుల్లెట్ పందిరి తాటాకుల్లోకి, పిస్టల్ పెట్రోమాక్స్ కిందికి, రీటా హిరణ్యకశిపుడి కోసం వేసిన గడప మీద నరసింహుడి ఒళ్లోకి! ఇనుపగోళ్లు కడుపు మీదికి లేచాయి.

"చెప్తా! టైవాడు మావాడే! అన్నీ చెప్తా!"

గోళ్లు జానెడు దూరంలో ఉండగా లింగమూర్తి తాడందుకుని వెనక్కి గుంజాడు. ముందు వరుసలో నాటకం చూస్తున్న ఇన్‌స్పెక్టర్ బేడీలు తీశాడు. అగ్గిపెట్టె లింగమూర్తి జేబులోనే భద్రంగా ఉంది. జనం ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

హారతి అయింది. ముఖం దించి, రాయమల్లు చెమట తుడుచుకున్నాడు.

"గా పిల్ల ఎవ్వలదిరా? హిరణ్యకశిపుని వేషం కట్టిన మొండయ్యకంటె మంచిగ ఒర్లింది. వచ్చే ఏడు గూడ పిలువు."

"జైల్ల ఉంటది బాపు."

"జామీను మీద తోల్కరా. తాడు మాత్రం జర గట్టిగ పట్టు."