రసజ్ఞకు పడని పిల్లి

తన పిల్లిని పెంపకానికి ఇచ్చే ముందు రసజ్ఞ సంతోష్‌ను ఇంటర్వ్యూ చేసింది. అదీ కొండాపూర్‌లోని తన ఫ్లాట్ గుమ్మం బయటే, ముక్కుకు మాస్క్ పెట్టుకుని.

"పిల్లి ఎందుకండీ మీకు?"

"కిరాయి ఇంట్ల ఎలుకలు ఎక్కువున్నయ్," అన్నాడు సంతోష్ దాపరికం లేకుండా.

"మా జున్నుకి ఎలుకంటే భయం. మీకు కావలసింది పిల్లి కాదు, పెస్ట్ కంట్రోల్. వెళ్ళిరండి."

అంతలోనే ఆమెకు తుమ్ములు మొదలయ్యాయి. ఒకదాని వెనక ఒకటి. గోడ పట్టుకుని వంగిపోయింది. ఊపిరి పీలుస్తుంటే ఛాతీలో పిల్లికూతలు వినిపించాయి. అసలు పిల్లి మాత్రం లోపల సోఫా మీద, తెల్లగా గుండ్రంగా ముడుచుకుని హాయిగా నిద్రపోతోంది.

ఆమె చేత్తో చూపించిన బ్యాగులోంచి సంతోష్ ఇన్‌హేలర్ తీసిచ్చాడు. కుర్చీ బయటికి లాగి కూర్చోబెట్టాడు.

"గింత పరేషాన్ అయితుంటే ఎన్నడో ఇచ్చేస్తే అయిపోతుండె గదండి."

"వానలో తడుస్తూ దొరికింది. అరచేతిలో పట్టేంత ఉండేది. ఎలా ఇచ్చేస్తాను?" రసజ్ఞ కళ్ళు తుడుచుకుంది. అది ఎలర్జీయో ఏడుపో అతనికి తెలియలేదు. "ఇక లాభం లేదన్నారు డాక్టరు. ఎలుకల్ని పట్టకపోయినా దాన్ని రోడ్డున వదిలెయ్యనని మాటివ్వండి, చాలు."

"వదల. మా అమ్మ మీద ఒట్టు."

అలా జున్ను నిజాంపేటకు చేరింది. ఎలుకల్ని చూసి ఫ్రిజ్ మీదికి ఎక్కి కూర్చుంది. సంతోష్ నవ్వుకుని పెస్ట్ కంట్రోల్ వాళ్ళకు ఫోన్ చేశాడు.

ప్రతి శనివారం రసజ్ఞ చూడటానికి వచ్చేది. లోపలికి రాకుండా గ్రిల్ బయట నిలబడి పిల్లితో కబుర్లు చెప్పేది. సంతోష్ టీ తెచ్చిచ్చేవాడు. కొన్నాళ్ళకు పిల్లి నిద్రపోతున్నా ఆ కబుర్లు ఆగేవి కావు. ఇద్దరి ఆఫీసులూ రాయదుర్గంలోనే కావడంతో, సాయంత్రాలు మెట్రో స్టేషన్ దాకా కలిసే నడిచేవాళ్ళు.

ఒక సాయంత్రం వాన పడుతుంటే స్టేషన్ మెట్ల కింద నిలబడి సంతోష్ అడిగేశాడు.

"రసజ్ఞా, నన్ను పెండ్లి చేసుకుంటవా?"

"నువ్వంటే ఇష్టమే. కానీ మీ ఇంట్లో కాసేపు కూడా కూర్చోలేను. కాపురం ఎలా చేస్తాను? కొంచెం టైమ్ ఇవ్వు."

ఆ తర్వాత ఆమె శనివారాలు రావడం మానేసింది. పనుందని మెసేజ్ పెట్టేది. ఏం పనో చెప్పేది కాదు. పిల్లి వల్లే తనను తప్పించుకు తిరుగుతోందని సంతోష్ అనుకున్నాడు. రెండు మూడు వారాలు ఓపిక పట్టి, సిద్దిపేటలో ఉన్న అమ్మకు ఫోన్ చేశాడు. "అమ్మా, పిల్లిని తెస్తున్న. నీ దగ్గరుంచుకో."

జున్నును బుట్టలో పెట్టి తలుపు తాళం వేస్తుండగా రసజ్ఞ మెట్లెక్కి వచ్చింది.

"ఎక్కడికి తీసుకెళ్తున్నావు?"

"మా అమ్మ దగ్గరికి. ఇగ నువ్వు ఇంట్లకు రావచ్చు."

"నన్ను అడిగావా?" ఆమె దారికి అడ్డంగా నిలబడింది. "నీ మాట నమ్మి నా పిల్లిని నీ చేతిలో పెట్టాను. నా కోసమే అయినా దాన్ని పంపించేస్తే, నిన్ను ఇంకెలా నమ్మను?"

"మరి నీ ఊపిరి సంగతేంది? నా ఇంట్ల నీకేమన్నా అయితే నేను బతుకుతనా?"

రసజ్ఞ చొక్కా చేయి పైకి మడిచింది. భుజం కింద ఇంజెక్షన్ గుచ్చిన చోట ఎర్రగా వాచి ఉంది. "శనివారాలు దీనికే వెళ్తున్నాను. ఎలర్జీ డాక్టరు దగ్గరికి. పనిచేస్తుందో లేదో తెలియకుండా ఆశ పెట్టడం ఎందుకని నీకు చెప్పలేదు."

సంతోష్ తాళం తీసి జున్నును లోపల వదిలాడు.

ఈసారి డాక్టరు దగ్గరికి ఇద్దరూ వెళ్ళారు. పూర్తిగా పోతుందని ఆయన చెప్పలేదు. నెమ్మదిగా తగ్గవచ్చన్నారు, ఇన్‌హేలర్ మాత్రం వెంటే ఉండాలన్నారు. సంతోష్ ఇంట్లోంచి కార్పెట్లు, కర్టెన్లు తీసేశాడు. గాలి శుభ్రం చేసే మెషిన్ కొన్నాడు. పడకగదిలోకి జున్ను రాకుండా తలుపు మూసి ఉంచాడు. రోజూ తడిగుడ్డతో ఇల్లంతా తుడిచాడు. జున్ను ఆ తలుపు ముందు కూర్చుని చాలా రోజులు అరిచి, చివరికి బాల్కనీతో రాజీ పడింది. ఏడాది తిరిగేసరికి రసజ్ఞ ఆ ఇంట్లో కూర్చుని భోజనం చేసి వెళ్ళగలిగింది.

అప్పుడు పెద్దలకు చెప్పారు. కాకినాడ నుంచి రసజ్ఞ నాన్న నరసింహమూర్తి, సిద్దిపేట నుంచి సంతోష్ అమ్మ సత్తెమ్మ వచ్చారు. ఇల్లు చూసినట్టూ ఉంటుందని నిజాంపేటలోనే కూర్చున్నారు. మాటలు బాగానే సాగాయి.

నరసింహమూర్తి పంచాంగం తెరిచి, "శ్రావణంలో మంచి ముహూర్తం ఉందండి," అన్నారు.

సరిగ్గా అప్పుడే రసజ్ఞ తుమ్మింది.

ఒక్కటే తుమ్ము. అందరూ రెండోదాని కోసం ఎదురుచూశారు. రాలేదు. నరసింహమూర్తి ముఖం చిన్నబోయింది. పంచాంగం మూసేశారు. "ఒంటి తుమ్మండి... ఇవాళ్టికి వద్దులెండి." రసజ్ఞ తల దించుకుంది.

సత్తెమ్మ మాత్రం కాళ్ళ దగ్గర తిరుగుతున్న జున్నును ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది.

"అన్నా, పిల్లి లేకపోతే ఈ పిల్ల ఏడుస్తది, ఉంటే తుమ్ముతది. ఏడ్చుడు కన్నా తుమ్ముడే నయం. ఈ ఇంట్ల తుమ్ముకు శకునం చూస్తే వీళ్ళకు ఎన్నటికీ పెండ్లి గాదు. బుక్కు తెరువుండ్రి, తారీఖు చెప్పుండ్రి."