చీకట్లో మోసిన జంటజిగురు

కుందనపురం పెద్ద చెరువు కట్ట నిలువునా బీటవారింది. కొండగుహలోని ధూమాక్షుడనే రాక్షసుడు పెట్టిన శాపం అది. మట్టి పోసినా, రాళ్ళు పేర్చినా నిలవలేదు. వానలు ముంచుకొస్తున్నాయి. కట్ట తెగితే దిగువ ఊళ్ళన్నీ నీటిపాలే.

ఆ బీటను పూడ్చగలిగేది రాక్షసుడి గుహలో ఊరే జంటజిగురొక్కటే. యువరాజు సుకేతుడు ప్రాణాలకు తెగించి, రాత్రికి రాత్రే మూత పెట్టిన కుండలో తెచ్చాడు. ఆనవాయితీగా మహారాణి కోట గుమ్మంలో కుండ మూత తీయించి హారతి ఇచ్చింది. అంతే! జిగురు కుండలోనే బండరాయి అయింది. దేవుడికి కోపం వచ్చిందని అందరూ లెంపలు వేసుకున్నారు.

దిగువ ఊళ్ళో లక్కగాజులు చేసే చెంగలికి ఆ మాట మింగుడుపడలేదు. హారతిస్తే దేవుడికి కోపమెందుకు? తిన్నగా గుహకు వెళ్ళి రాక్షసుణ్ణే అడిగింది.

ధూమాక్షుడు విరగబడి నవ్వాడు. "ఓసి పిచ్చిపిల్లా! ఈ జిగురు నిండా కంటికి కనిపించనంత చిన్న కవలలు చేతులు పట్టుకొని ఉంటారే. వెలుగు తగిలిందా, చేతులు విడిపోతాయి. ఒంటరివాడు ఊరుకుంటాడా? పక్కవాణ్ణి లాగుతాడు, వాడు ఇంకొకణ్ణి! రెప్పపాటులో అంతా ఒకటే గొలుసు, ఒకటే రాయి. తెలిసి మాత్రం ఏం చేస్తావులే! వెలుగు లేని దారి ఎక్కడుంది? తీసుకుపో, చూస్తా!"

చెంగలి కుండ నింపుకొని, నల్లకంబళి చుట్టి నెత్తికెత్తుకుంది.

అడవిలో ఒక నాగుపాము పడగెత్తింది. "చీకటిగా ఉంది పాపా! నా మణి వెలుగులో కుండ విప్పి చూసుకో, ఎంత ఒలికిందో!"

"ఒలికితే నా నెత్తి తడిసేది గదా మామా!" అంటూ ఆమె సాగిపోయింది.

ఆ తరువాత హోమం చేస్తున్న ముని అడ్డుపడ్డాడు. "అగ్నికి చూపని వస్తువు మైల, అమ్మాయీ!"

చెంగలి చేతులు జోడించింది. "కడుపులో బిడ్డను దేవుడు చీకట్లోనే గదా స్వామీ పెంచుతాడు? అదీ మైలేనా?"

ముని దారి వదిలి, "వెళ్ళిరా తల్లీ!" అని దీవించాడు.

తెల్లవారాక కట్ట దగ్గర మహారాణి హారతి పళ్ళెంతో ఎదురొచ్చింది. "అమ్మగారూ, కాస్త ఆగండి! ముందు కట్ట నిలవాలి" అని చెంగలి బతిమాలింది. ఆమె చెప్పినట్టే సుకేతుడు బీటమీద ఇంకో నల్లకంబళిని పందిరిలా పట్టుకున్నాడు. ఆమె కుండతో దాని కిందికి దూరి జిగురు పోయసాగింది.

"ఇక తియ్యనా?"

"తొందరెందుకు దొరా! అడుగుదాకా దిగనీండి."

చివరి చుక్క పడ్డాక, "ఇప్పుడు తియ్యండి!" అంది. ఎండ పడగానే చిటపటమంటూ కవలలు విడిపోయారు, ఒకరినొకరు లాక్కున్నారు. బీట అంతా నల్లరాయిలా బిగిసింది. మహారాణి కట్టకు హారతి ఇచ్చి కళ్ళకద్దుకుంది.

ఆ ఏడు వానలు దంచికొట్టాయి. కట్ట చెక్కుచెదరలేదు. సుకేతుడు పెళ్ళిమాట ఎత్తితే, "నాట్లు పడ్డాకే" అంది చెంగలి. చేసేదేముంది? యువరాజు కూడా మడిలోకి దిగాడు. బురద కాళ్ళు కడుక్కొని పెళ్ళిపీటల మీద కూర్చున్నాడు.