ఆఖరి పేజర్ మెసేజ్

దేశ రాజధానిలో సాకేత్‌లోని ఒక ఆఫీసు మిద్దె మీద సెల్‌ఫోన్ యాంటెనా బిగించడానికి వచ్చిన ఇంజనీరు ఫణికుమార్‌కు మొదటిరోజే చీవాట్లు పడ్డాయి. పెట్టింది, కింది అంతస్తులో, జనం ఫోన్‌లో చెప్పే మెసేజ్‌లు రాసుకుని పేజర్లకు పంపే కంపెనీ ఆపరేటర్ సుభాషిణి.

"మా నెత్తినెక్కి మా పొట్టే కొడుతున్నారన్నమాట. అచ్ఛా, కానివ్వండి!"

"తెలుగువారా?" అన్నాడతను, తిట్లు తిన్నవాడిలా కాకుండా లాటరీ తగిలినవాడిలా.

ఆమె కోపం నిలవలేదు. ఆ తెనాలి అమ్మాయీ నెల్లూరు అబ్బాయీ రోజూ గేటు దగ్గర టీ తాగుతూ పోట్లాడుకున్నారు. వానొస్తే ఒకే రేకు కింద నిలబడి పోట్లాడుకున్నారు.

తొంభై తొమ్మిదిలో కాల్ రేట్లు తగ్గాయి. అతని కంపెనీ మునిర్కాలో, జియా సరాయ్‌లో కొత్త షాపులు తెరిచింది. జనం పేజర్లు తెచ్చి ఆమె కంపెనీ బల్లమీద పడేసి వెళ్లారు. ఆపరేటర్ల కుర్చీలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. చివరికి కంపెనీ మూసేస్తున్నామన్నారు. వెంటనే వచ్చేయమని తెనాలి నుంచి నాన్న ఫోన్ చేశాడు.

"మా కస్టమర్ కేర్‌లో ఖాళీ ఉందండి. మాట్లాడనా?" అన్నాడు ఫణికుమార్.

"మీ జాలి నాకొద్దు."

అనేసి, గదికెళ్లి ఏడ్చింది. ప్రేమిస్తున్నానని అతను ఒక్క మాట అంటే ఊరికి వెళ్లకుండా ఆగిపోయేది. అతను అనలేదు. ఆమె మాట్లాడటం మానేసింది.

ఆఖరి రోజు ఫోన్ మోగింది. ఆ గొంతు ఆమెకు తెలుసు.

"మెసేజ్ రాసుకోండి. నా పేజర్‌కే."

"సెల్‌ఫోన్ కంపెనీవారికి పేజరెందుకు సార్?"

"మీరు మాట్లాడటం మానేశాక, ఇలాగైనా మీతో మాట్లాడొచ్చని కొన్నానండి. రాసుకోండి. సుభాషిణీ, నాది జాలి కాదు. మీరంటే ఇష్టం. పెళ్లి చేసుకుందాం."

కస్టమర్ చెప్పింది చెప్పినట్టు తిరిగి చదివి వినిపించాకే పంపాలని అక్కడి రూలు. వెనకే సూపర్‌వైజర్ ప్రీతి నిలబడి ఉంది. సుభాషిణి తన పెళ్లిమాట తానే డ్యూటీ గొంతుతో చదివింది. 'ఇష్టం' అన్న మాటను రెండుసార్లు చదివింది.

"క్యా హువా?" అంది తెలుగు రాని ప్రీతి.

సుభాషిణి తల అడ్డంగా ఊపి కళ్లు తుడుచుకుంది.

"పంపుతారా?" అన్నాడతను.

"పంపను. నాకొచ్చిన మెసేజ్ మీకెందుకు పంపుతాను? ఉద్యోగం నేనే వెతుక్కుంటాను. మా నాన్నతో మాత్రం మీరే మాట్లాడాలి."



"నంబరు చెప్పండి," అన్నాడతను.

ఆమె చెప్పింది. చెప్పి, అతనితో తిరిగి చదివించుకుంది.