పురుటి పడవకు పూచీ

పడవ అడుగున చేరిన నీళ్లు తోడుతూ ఆద్య ఆ ఉదయపు నివేదిక విన్నది. చుక్కాని పక్కన బిగించిన మాటపలకలోంచి పూచీదారు యంత్రం ఎప్పటిలాగే నింపాదిగా చెప్పుకుపోయింది. విరాళాలు అందాయి. బ్యాటరీ నిండింది. అవతలి లంక నుంచి ఈ నెల కూడా పిలుపు రాలేదు.

పూచీదారు వచ్చాక సేవ చేద్దామనుకునేవాళ్లకు సగం తలనొప్పి తగ్గింది. పూర్వం ఊళ్లో జ్వరాలకు నలుగురూ కలిసి ఏదైనా చేయాలంటే ముందు సంఘం పెట్టాలి, రిజిస్ట్రేషను చేయించాలి, చెప్పులరిగేలా తిరగాలి. అదంతా అయ్యేసరికి జ్వరాలైనా తగ్గేవి, మనుషులైనా పోయేవారు. ఇప్పుడు ఆ యంత్రమే వాళ్లకు సంస్థ. విరాళం దాని పేరున వస్తుంది, లెక్క అదే రాస్తుంది, పొరపాటు జరిగితే చట్టం ముందు అదే నిలబడుతుంది. నర్సు ఆద్య, సరంగు బంగార్రాజు, ఈ ఇద్దరే నడిపే పురుటి పడవ ఆ నీడలోనే గోదావరి మీద తిరుగుతోంది.

మొన్న వేసవిలో అవతలి లంకలో మౌనికమ్మ మనవరాలు తన్వికి నొప్పులొచ్చాయి. తన్వి అక్కడి మాటపలకకు చెప్పుకున్నది ఇవతలి ఒడ్డున ఆద్య చదివింది. దొంగనొప్పులే అనుకుంది. పడవ రేపు వస్తుందని పూచీదారు తన గొంతుతో కబురు చెప్పింది. మర్నాటికి బిడ్డ కడుపులోనే పోయింది.

బాధ్యత తనదేనని పూచీదారు వెంటనే ఒప్పుకుంది, విచారం తెలిపింది, పరిహారం పంపింది. ఆద్య పేరు మాత్రం ఎక్కడా రానివ్వలేదు. పనిచేసేవాళ్లు భయపడి మానేయకూడదని దానికి అలా నేర్పారు. ఆ రోజు ఆద్య కూడా బతుకుజీవుడా అనుకుంది. తర్వాత్తర్వాత ఆమెకు అన్నం సహించలేదు.

"తన్వి పక్కింటమ్మాయికి నెలలు నిండుతున్నాయంట," అన్నాడు ఆ ఉదయం బంగార్రాజు. "మన పడవెక్కదంట. నాటు పడవలో దాటిస్తారంట. గోదారి చూత్తే వరదకి ఎర్రబడిపోయింది."

"తాడు విప్పు బాబాయ్. అవతలికెళ్దాం."

"మీరు వెళ్లనవసరం లేదు," అన్నది పూచీదారు. "ఆ వ్యవహారం ముగిసింది."

"నీకు ముగిసింది," అంది ఆద్య.

మౌనికమ్మ అరుగు మీద కూర్చుని కొబ్బరాకుల ఈనెలు చీరుతోంది. ఆ తరం మామ్మలందరూ మౌనికలూ హారికలే. ఆద్య చెప్పులు విడిచి కింద నిలబడింది.

"ఆ రోజు పడవ రేపు పంపుదామన్నది నేనండి."

"మిషనన్నారు కదా."

"చెప్పింది మిషనండి. అనుకున్నది నేను."

మౌనికమ్మ కత్తి పక్కన పెట్టింది.

"ఇన్నాళ్లూ ఎవర్ని తిట్టాలో తెలీక ఆ పలకని తిట్టేనే. ఎంత తిట్టినా విచారిస్తున్నానంటది. ఏ మనిషి తప్పూ కాదంటే ఇంకెవరిది? నొప్పి సరిగ్గా చెప్పుకోలేకపోయానని మా పిల్ల తన మీదేసుకుని కూచుంది. నువ్వు హాయిగా పడవ తిప్పుకుంటన్నావు." ఆమె ఇంకా చాలా అంది. ఆద్య తలవంచుకుని అన్నీ పడింది. చివరికి గొంతు పోయాక మౌనికమ్మ తలుపు వైపు చూపించింది. "నాకు కాదు. లోపలికెళ్లి దానికి చెప్పు."

తన్వి గోడ వైపు తిరిగి పడుకుని ఉంది.

"నువ్వు సరిగ్గానే చెప్పావమ్మా," అంది ఆద్య. "నేనే సరిగ్గా పట్టించుకోలేదు. తప్పు నాది."

తన్వి మెల్లగా ఇటు తిరిగింది. ఏడవలేదు. ఆద్య మొహం కేసి చూసింది.

"పక్కింటి వదిన నొప్పులంటే," అంది, "నమ్ముతారా?"

"నమ్ముతాను."

ఆ వారంలోనే లంక నుంచి పిలుపొచ్చింది. ఏ సేవ కావాలని పూచీదారు అడిగింది. పురుటి పడవా, మందులా, సలహానా?

"ఆద్యమ్మ కావాలి," అన్నది తన్వి గొంతు.

అలాంటి సేవ జాబితాలో లేదని పూచీదారు చెబుతుండగానే ఆద్య తాడు విప్పింది.