చల్లగదిలో చప్పుడు

మధ్యాహ్నం బడి వదిలేసరికే ఆకాశం చీకటిపడింది. చలికాలం ముదిరితే ఆ ఊళ్లో పగలు అంతే, ఇలా వచ్చి అలా వెళ్లిపోతుంది.

బొంగరం సంచి భుజాన వేసుకుని అమ్మ పనిచేసే పరిశోధనశాలకు వచ్చింది. ఆ పిల్ల అసలు పేరు టీచరు హాజరు వేసేటప్పుడు తప్ప ఎక్కడా వినపడదు. ఒక్కచోట నిలవదు కాబట్టి అందరికీ ఆమె బొంగరమే.

అమ్మ చేపల శాస్త్రవేత్త. మంచు కప్పేసిన సముద్రం అడుగున, వెలుతురు చొరబడని నీళ్లలో బతికే చేపలంటే ఆమెకు ప్రాణం. నెలల తరబడి ఓడలో వణుకుతూ గడిపి, కొన్నింటిని జాగ్రత్తగా తెచ్చింది. అవిప్పుడు వరండా చివర చల్లగదిలో, పెద్ద గాజుతొట్టెలో ఉన్నాయి.

“నాకు మీటింగుంది. ఇక్కడే కూర్చో. చల్లగది వైపు మాత్రం వెళ్లకు, తొట్టె మైకులో చేపల చప్పుళ్ల రికార్డింగ్ నడుస్తోంది” అంది అమ్మ.

“సరేనమ్మా” అంది బొంగరం. ఆ సరే కాసేపే నిలిచింది.

చల్లగది తలుపు మీద ఎర్రబల్బు వెలుగుతోంది. అది వెలుగుతుంటే ఎవరూ లోపలికి వెళ్లకూడదు. చేపలకు నీళ్లూ మేతా చూసుకునే తొట్టెల మామయ్య తలుపు దగ్గరగా వేసి మేత తేవడానికి వెళ్లాడు. బొంగరం అటూ ఇటూ చూసింది. ఒక్కసారి చూసి వచ్చేస్తే ఎవరికి తెలుస్తుంది?

లోపల చలి ఎముకలు కొరికేస్తోంది. మూల ఎర్రటి చిన్న దీపం. తొట్టెలో నల్లటి నీళ్లు. ఆ నీళ్లలో పాలిపోయిన తెల్లటి చేపలు. అవి ఈదడం లేదు. ఎవరో దారం కట్టి వేలాడదీసినట్టు ఊరికే ఉన్నాయి. గోలీల్లాంటి కళ్లు. వాటికి రెప్పలు లేవు.

“ఏయ్, బతికే ఉన్నారా?” అని గుసగుసగా అడిగింది.

వేలు మడిచి గాజు మీద కొట్టింది. టక్. ఏమీ కదలలేదు. మళ్లీ కొట్టింది. టక్, టక్.

చేపలన్నీ మెల్లగా, ఒకేలా, ఆమె వైపు తిరిగాయి.

బొంగరం వెనక్కి చూడకుండా పరుగు తీసింది. తలుపు ధడాలున మూసుకుంది.

మర్నాడు బడి నుంచి వచ్చేసరికి అమ్మ గది నిండా జనం. స్పీకరులో సముద్రపు హోరులాంటి శబ్దం. అందులోంచి చప్పుడు.

టక్.

కొంచెం ఆగి, టక్, టక్.

“ఇన్నాళ్లకు నోరు విప్పాయి!” అంది అమ్మ. ఆమె కళ్లు మెరుస్తున్నాయి. “కంప్యూటరు ఏరి ఇచ్చిన ముక్కలివి. అచ్చం తలుపు తట్టినట్టు లేదూ?”

అందరికంటే పెద్ద శాస్త్రవేత్త, పెద్ద మేడమ్, కళ్లజోడు తీసి తుడుచుకుంది. “ఆ టైములో గదిలోకి ఎవరూ వెళ్లలేదు కదా?”

“తలుపు వేసే వెళ్లాను మేడమ్. ఎర్రబల్బు వెలుగుతుంటే ఎవరు వెళ్తారు?” అన్నాడు తొట్టెల మామయ్య.

బొంగరాన్ని ఎవరూ అడగలేదు. జేబులో చెయ్యి పెట్టుకుని, కొట్టిన వేలిని గుప్పిట్లో దాచుకుంది.

ఇంట్లో అన్నం తింటున్నంతసేపూ అమ్మ ఆ మాటే చెప్పింది. “మంచు కింద ఆ చేపలు ఎక్కడ గుడ్లు పెడతాయో ఎవరికీ తెలీదురా. చూద్దామంటే చీకటి. అందుకే వినాలి. పాత రికార్డింగుల్లో ఒకచోట ఇలాంటి టక్ టక్‌లే ఉన్నాయి. మంచు పగిలే చప్పుడనుకుని వదిలేశాం. రేపు మా ఓడ అక్కడికే వెళ్తుంది. ఆ చోట వలలు వెయ్యొద్దని పడవలవాళ్లకు చెప్తాం.”

“ఒకవేళ అది చేప చప్పుడు కాకపోతే?”

“అప్పుడు ఉత్త మంచుకు కాపలా కాసినట్టు. అసలు చోటేమో వలల పాలు. గుడ్లు పెట్టే చేపలన్నీ పోతాయి.”

బొంగరం కంచంలో అన్నం కెలుకుతూ కూర్చుంది.

మర్నాడు బడిలో ఏ చప్పుడు విన్నా ఉలిక్కిపడింది. బోర్డు మీద చాక్‌పీసు, టక్. కిటికీ రెక్క, టక్, టక్. కళ్లు మూస్తే ఆ తెల్లటి చేపలే. అన్నీ తనవైపే చూస్తున్నాయి.

బడి వదలగానే ఆగకుండా పరిశోధనశాలకు పరుగెత్తింది. అమ్మ ఫోన్లో ఓడ కెప్టెనుతో మాట్లాడుతోంది.

“అమ్మా, ఆపు! అది చేప కాదు. నేను!”

“ఏంటి నువ్వు?”

“నేనే కొట్టాను. గాజు మీద.”

అమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఫోను మళ్లీ చెవి దగ్గర పెట్టుకుంది.

“కెప్టెన్ గారూ, బయలుదేరకండి. నేను చెప్పింది తప్పు. అవునండీ, తప్పే.”

అది విన్నాక బొంగరానికి ఏడుపు ఆగలేదు.

పెద్ద మేడమ్ వచ్చి ఆమె పక్కన కూర్చుంది. “ఏ వేలు?”

బొంగరం వేలు చూపించింది.

“రా. ఖాళీ తొట్టె మీద అలాగే కొట్టు. నీ చప్పుడు ఎలా ఉంటుందో తెలియాలి కదా, లేకపోతే దేన్ని తీసెయ్యాలి?”

బొంగరం ముక్కు తుడుచుకుంటూ కొట్టింది. అమ్మ ఆ చప్పుడును రికార్డింగ్ పక్కన పెట్టి, మొన్నటిదంతా మొదటినుంచీ వినిపించింది. ఏరిన ముక్కలు కాదు, మొత్తం.

మొదట అడుగుల చప్పుడు. తర్వాత బొంగరం గొంతు, మసకగా, ‘బతికే ఉన్నారా?’ అని. టక్.

“ఇది నువ్వు” అంది అమ్మ.

టక్, టక్.

“ఇదీ నువ్వే.”

పరుగు. ధడాల్. తర్వాత ఉత్త హోరు. అమ్మ ఆపేయబోయింది.

“ఉండు” అంది పెద్ద మేడమ్.

హోరు. ఇంకా హోరు. ఆ తర్వాత, బాగా లోతునుంచి, మెత్తగా...

టుక్.

టుక్, టుక్.

బొంగరం స్పీకరు దగ్గరకు వంగింది. “అది... అది నేను కాదు. అప్పటికే పారిపోయాను.”

అమ్మ స్క్రీన్ మీది గీతలు చూసింది. వేలి చప్పుడు గీతలు సూదుల్లా నిటారుగా ఉన్నాయి. ఇవి గుండ్రంగా, వెడల్పుగా ఉన్నాయి.

“మామయ్యా, నువ్వు గానీ వెళ్లావా?”

“లేదమ్మా. నేనొచ్చేసరికి గదిలో ఎవరూ లేరు” అన్నాడు తొట్టెల మామయ్య. ఆయన చేతులు కట్టుకుని చల్లగది వైపే చూస్తున్నాడు.

“ఎవరూ లేకపోవడమేంటి, చేపలున్నాయి కదా” అంది పెద్ద మేడమ్. “అయినా తొందరొద్దు. ఒక్కసారి విన్నంతమాత్రాన ఏమీ తేలదు. ఎవరూ తట్టకుండా వినాలి. ఎన్నాళ్లయినా సరే. ఓడ ఆగుతుంది.”

ఇంటికి నడుస్తుంటే మంచులో ఇద్దరి బూట్లూ కరకరలాడాయి.

“నిన్ననే చెప్పుంటే నాకు అంత సిగ్గయ్యేది కాదు” అంది అమ్మ.

“భయమేసిందమ్మా.”

“తెలుసు.” అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని తన కోటు జేబులో పెట్టుకుంది.

కొన్నాళ్లకు బొంగరానికి చల్లగదిలోకి అనుమతి దొరికింది. తనే అడిగింది, కూర్చుని వింటానని. అమ్మ పక్కన దుప్పటి కప్పుకుని, చీకట్లో కదలకుండా కూర్చుంటుంది. ఒక్కచోట నిలవని పిల్ల అంతసేపు ఎలా కూర్చుంటుందో తొట్టెల మామయ్యకు ఇప్పటికీ అంతుబట్టదు.

చలికి ముక్కు ఊరుకోదు కదా. ఒకరోజు అవతలి గదిలో రికార్డింగ్ వింటున్న పెద్ద మేడమ్‌కు హోరు మధ్యలో పెద్ద తుమ్ము వినిపించింది. వెంటనే మైకు దగ్గరకు వంగిన చిన్న గొంతు:

“తుమ్మింది నేను. చేప కాదు.”

తర్వాత మళ్లీ హోరే. పెద్ద మేడమ్ నవ్వుకుంది. ఆ తుమ్మును పక్కకు తీసేసి, చెవులు రిక్కించి వినసాగింది.